తప్పిన గాంధారం

ఆ కాలంలో పిల్లల చేతిగాజులు ఒంట్లోని హార్మోన్లను చూసి, పాఠం ఎక్కుతుందో లేదో చెప్పేవి. తిండి మానేసి చిక్కిపోయిన ప్రణవి గాజు మాత్రం రోజూ "ఈ రోజు వద్దు" అనేది.

"నేను మొద్దునైపోయానత్తా. వచ్చిన వర్ణమే గుర్తు రావట్లేదు," అని వీణ నేర్పే మేనత్త భానుమతి దగ్గర ఏడ్చింది.

"మొద్దువి కాదే పిచ్చిమొహమా! నువ్వు తినకపోతే మెదడు మాత్రం ఏం చేస్తుంది? ఒళ్ళు కుదురుకోనీ, అన్నీ వస్తాయి."

అప్పటినుంచి భానుమతి రోజూ పెరుగన్నం కలిపిచ్చి, ప్రణవి తింటున్నంతసేపూ వీణ వాయించేది. కొన్ని నెలలకు ఒకరోజు ప్రణవి ముద్ద నములుతూనే చెయ్యెత్తింది.

"ఆగత్తా! అక్కడ గాంధారం తప్పింది."

భానుమతి మళ్ళీ వాయించి చూసింది. నిజమే, తప్పింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"అయితే రా, నువ్వే వాయించి చూపించు."

"ఉండత్తా, ముందు ఇది తిననీ," అంది ప్రణవి.