అద్దాల పెట్టెలో ఉత్తరం

సంజీవరావు వచ్చింది మాజీ మంత్రి అనంతకృష్ణ సన్మానం చూడటానికి కాదు. వేదిక పక్కన బల్లమీద ఉన్న అద్దాల పెట్టె కోసం వచ్చాడు. అందులో ఒక పాత ఉత్తరం ఉంది. ఆయన ఉద్యోగాన్ని మింగేసిన ఉత్తరం.

“ఇంటికి పోదామండీ,” అంది భార్య సుబ్బరత్నం. “భవానీపురంలో కొట్టు కట్టేస్తాడు. నే రాసిచ్చిన సరుకుల చీటీ మీ జేబులోనే ఉండిపోయింది.”

“ఇరవై ఎనిమిదేళ్లు ఆగాను. ఇంకో గంట ఆగలేనా? కావాలంటే నువ్వు పో.”

ఆవిడ పోలేదు. చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఎక్కడ గొడవ పెట్టుకుంటానోనని భయం కాబోలు, అనుకున్నాడు సంజీవరావు.

అప్పట్లో ఆయన ఎస్సై. స్టేషనూ, దాని వెనకే తన క్వార్టరూ, చుట్టూ వరి పొలాలూ. పొలం మోటారు దొంగతనమని ఓ కూలీని లాకప్‌లో వేసి చావగొట్టాడు. తెల్లారకుండానే ఎమ్మెల్యే అనంతకృష్ణ పామర్రు నుంచి డాక్టరుని వెంటబెట్టుకుని దిగాడు. చేతిలో సంతకం లేని ఉత్తరం; దాన్ని సంజీవరావు కంట పడనివ్వలేదు.

కూలీ బతికాడు. సంజీవరావు ఉద్యోగం ఊడింది. అనంతకృష్ణ మంత్రి అయ్యాడు, పుస్తకాలు రాశాడు, మానవ హక్కుల మనిషిగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు.

ఉప్పందించింది స్టేషన్ రైటరు బాలశౌరేనని సంజీవరావు ఆనాడే తీర్మానించుకున్నాడు. రాతకోతలన్నీ చూసేది వాడే మరి. తన ఇంట్లో భోంచేసి తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. మళ్లీ వాడితో మాట్లాడలేదు. కిందటేడు వాడు పోతే కడసారి చూపుకీ వెళ్లలేదు.

వేదిక మీద శాలువా కప్పారు. అనంతకృష్ణ మైకు అందుకున్నాడు.

“ఇది రాసిందెవరో నాకిప్పటికీ తెలియదు. నాకొచ్చిన పేరంతా ఆ చేతి చలవే. ఆ చేతిరాత ఎరిగినవాళ్లుంటే వచ్చి చెప్పండి. ఈ శాలువా వాళ్లకే చెందాలి.”

సంజీవరావు లేచాడు.

“మీకు దణ్ణం పెడతాను, వెళ్లకండీ!” సుబ్బరత్నం చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు. బాలశౌరి రాత ఆయనకు కొట్టినపిండి. చచ్చినవాడైతేనేం, నమ్మకద్రోహి పేరు నలుగురిలో చెప్పాల్సిందే.

పెట్టె మీదికి వంగి, కళ్లజోడు సర్దుకున్నాడు.

‘అయ్యా, ఆ మనిషి పొద్దుటిదాకా ఉండేలా లేడు. అతను పోతే కొట్టినాయనకీ బతుకుండదు. ఇద్దరినీ కాపాడండి.’

మళ్లీ చదివాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

హాలంతా ఆయన్నే చూస్తోంది.

“గుర్తుపట్టారాండీ?” అడిగాడు అనంతకృష్ణ.

సంజీవరావు వెనక్కి తిరిగాడు. మూడో వరసలో సుబ్బరత్నం తల వంచుకుని కూర్చుంది.

“లేదండీ, ఎవరిదో,” అని, అచ్చం అవే అక్షరాలతో జేబులోంచి తొంగిచూస్తున్న సరుకుల చీటీని అరచేత్తో లోపలికి నొక్కేశాడు.