పన్నెండు నిమిషాల నలభై సెకన్లు

“పన్నెండు నిమిషాల నలభై సెకన్లు!” కిలియాన్‌తో పాటు పరీక్షకొచ్చిన మాగ్ద గడియారం పైకెత్తి అరిచింది.

కిలియాన్ పార వదిలేసి మంచులోనే చతికిలబడ్డాడు. గుంట అడుగున గడ్డి కుక్కిన గోనెసంచి కనిపిస్తోంది. మనిషికి బదులు దాన్ని పాతిపెట్టి వెతికిస్తారు. మంచు చరియ కింద మనిషి చిక్కుకుంటే పదిహేను నిమిషాల్లో బయటికి తీయాలని ఈ లోయలో లెక్క. తను రెండు నిమిషాలు ముందే తీశాడు. ఈసారైనా పరీక్ష కాగితం మీద జెంజి సంతకం పెట్టక చస్తుందా అనుకున్నాడు.

గుంట అంచున జెంజి నిలబడి ఉంది. స్కీ వాలుల మీద గస్తీ తిరిగే దళానికి ఆవిడే పెద్ద. యాభై దాటినా నడుము వంగలేదు, నోరైతే అసలే వంగలేదు. చేతిలో అట్ట, దాని మీద కిలియాన్ పేరు రాసిన కాగితం.

“పూడ్చి మళ్ళీ మొదలుపెట్టు,” అంది.

“ఇప్పుడేం తప్పు చేశానక్కా?”

“ఎక్కడ తవ్వడం మొదలెట్టావు?”

“మంచులో గుచ్చిన కర్రకు సంచి ఎక్కడ తగిలిందో అక్కడే.”

“అక్కడ తవ్వితే కింద ఉన్నవాడి నెత్తినెక్కి నిలబడినట్టు. పైగా ప్రతి పార మంచూ పైకెత్తి పోయాలి. కర్ర అలాగే వదిలేసి, వాలులో ఒక మీటరు కిందికి దిగు. అక్కణ్ణుంచి అడ్డంగా తవ్వుకుంటూ రా. మంచు దానంతటదే కిందికి జారిపోతుంది. ఎన్నిసార్లు చెప్పాలిరా? టోపీతో పాటు చెవులు కూడా మూసేసుకున్నావా?”

కిలియాన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇది నాలుగోసారి. మొదటిసారి ఫోను జేబులో, మంచు కింది మనిషి జాడ చెప్పే బీపర్ పక్కనే ఉందని ఆపించింది. ఫోను దగ్గరుంటే బీపర్ దారి తప్పిస్తుంది కాబట్టి అది సరేననుకున్నాడు. రెండోసారి చేతి తొడుగులు తడిశాయనీ, సంచిలో ఇంకో జత లేదనీ పక్కన కూర్చోబెట్టింది. మూడోసారీ ఇదే కర్ర గొడవ. వంక పెట్టదలచుకున్నవాళ్ళకు వంకలకేం కొదవ?

“మాగ్దకు పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆమెకు మాత్రం సంతకం పెట్టావు.”

“మాగ్ద దిగువ నుంచి తవ్వింది.”

“నేను తొందరగా తీశాను కదా!”

“ఇక్కడ మీటరు లోతు, మెత్తటి మంచు. అసలు చరియ సిమెంటులా గట్టిపడుతుంది. అప్పుడు నీ తొందర ఎక్కడుంటుందో చూద్దాం.”

రేపు జనాన్ని కొండపైకి చేర్చే లిఫ్టులు తెరుస్తున్నారు. దళంలో ఎవరెవరుంటారో మధ్యాహ్నానికల్లా కింద ఆఫీసుకు చెప్పాలి. పేరు వెళ్ళకపోతే ఈ శీతాకాలం కూడా హోటలు వంటింట్లో జున్ను అతుక్కున్న గిన్నెలు తోముకోవాలి. తనకు పదమూడేళ్ళప్పటి నుంచి ఈ గస్తీ ఉద్యోగం తప్ప మరోటి అతని తలలో లేదు. అప్పటిదాకా ఈ దళానికి వాళ్ళ నాన్న అంబ్రోసే పెద్ద. ఆయన చరియ కింద పడి చనిపోయాకే ఆ పెద్దరికం జెంజికి వచ్చింది.

ఆ తర్వాత ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా వాళ్ళ గడప తొక్కలేదు. రొట్టెల దుకాణంలో అమ్మ కనిపిస్తే కొనకుండానే వెనక్కి తిరిగిపోయేది. ఎందుకో కిలియాన్‌కు తెలియనిదేం కాదు. అంబ్రోస్ కొడుకు దళంలోకి వస్తే, ఆ కుర్చీ అసలు ఎవరిదో ఊరికి గుర్తొస్తుంది.

“కిలియాన్, టైముంది. ఇంకొక్కసారి తవ్వెయ్,” అని మాగ్ద బతిమాలింది.

“తవ్వను. పదకొండు నిమిషాల్లో తీసినా ఈవిడ సంతకం పెట్టదు. నేను కళ్ళెదుట తిరగడమే ఈవిడకు గిట్టదు.”

“నోరు మూసుకుని పార తీసుకో,” అంది జెంజి.

“మూసుకోను! నాన్న కుర్చీలో కూర్చున్నావు, ఆయన కొడుకంటే భయం నీకు. ఉన్నమాట అంటే ఉలుకెందుకు?”

జెంజి ఉలకలేదు. వంగి, పార తీసి అతని ముందు పెట్టింది. కిలియాన్ దాన్ని కాలితో తన్నాడు. పార వాలు మీద బరబరా జారి దూరంగా పోయి ఆగింది.

“అయినా ఈ నిమిషాల లెక్కలన్నీ ఎందుకట? మా నాన్నకు ఏ నిమిషం పనికొచ్చింది? బండకు తల కొట్టుకుని అక్కడికక్కడే పోయాడు. ఎవరు ఎటునుంచి తవ్వితే మాత్రం ఏమయ్యేది? ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.”

“ఊరికి ఆ మాట చెప్పింది నేనే,” అంది జెంజి.

కిలియాన్ తలెత్తి చూశాడు. ఆవిడ ఎప్పటిలా అతని మొహంలోకి సూటిగా చూడటం లేదు. గుంటలోని గోనెసంచి వైపు చూస్తోంది.

“మీ అమ్మ కోసం చెప్పాను. ఆవిడ మొహం చూస్తే మళ్ళీ అదే చెప్పాల్సొస్తుందని తప్పించుకు తిరిగాను.”

“చెప్పడమేంటి? నువ్వు అక్కడున్నావా?”

“ఆ రోజు వాలు మీద ఇద్దరమే ఉన్నాం. ఆయన కింద, నేను పైన. కర్ర తగిలిన చోటే తవ్వాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.”

మాగ్ద గడియారాన్ని జేబులో పెట్టేసుకుంది. కిలియాన్ ఒక అడుగు ముందుకు వేశాడు.

“పట్టినా... బండ తగిలింది కదక్కా. నువ్వు తీసేసరికే ఆయన...”

“బండ లేదురా,” అంది జెంజి. “ఆయన నోటి ముందు మంచు ఊపిరికి కరిగి ఉంది.”