చెయ్యి కదిలితే నడిచే వాచీ

"యాభై వేలు పోసి కొంటే రెండ్రోజులకే ఆగిపోనాది బాబూ," అంటూ రాజ్యం సంచిలోంచి వాచీ తీసి గాజుబల్ల మీద పెట్టింది.

చూస్తే ముల్లు చక్కగా తిరుగుతోంది.

పోయిన వారమే ఆమె గుణుపురం నుంచి రాయగడలోని నా దుకాణానికి వచ్చింది. భర్తకని చవక వాచీలు చూపిస్తే అన్నీ పక్కకి నెట్టేసింది. సెల్లు లేకుండా, చేతి కదలికతోనే నడిచే ఈ వాచీని ఏరుకుంది. "అంత డబ్బుకీ తగిందేనా?" అని మూడుసార్లు అడిగింది.

ఇప్పుడీ మాటకి నాకు ఒళ్ళు మండింది. "నడుస్తోంది కదమ్మా!"

"ఇంటికాడ ఆగిపోనాది."

"బస్సు కుదుపులకే నడిచిందంటే సరుకు మంచిదే. మీ ఆయనే పెట్టుకోకుండా బీరువాలో దాచుంటారు."

"నేదు బాబూ. రేతిరీ పగలూ ఆయన సేతికే ఉంది. పచ్చవాతమొచ్చి ఏడాదైపోనాది. నాను పడుకున్నప్పుడైనా ఆ సెయ్యి కదుల్తే, పొద్దున్న వాచీ సెప్తాదనుకున్నాను."

బల్ల మీద ముల్లు తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూడలేక మొహం తిప్పుకుంది.

"పోనీ, వాచీదే లోపమని సెప్పు బాబూ."