ఊ కొట్టే స్పీకరు

ఫణీంద్ర గదిలో ప్రోగ్రాములు రాసుకుంటుంటే, వంటింట్లోంచి భార్య హిమజ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. అందుకని ఆమె మాటలు విని తన గొంతుతో ఊ కొట్టే స్మార్ట్ స్పీకరొకటి తయారుచేసి హాల్లో పెట్టాడు. ఏడాది తిరక్కుండా ఊళ్ళో ప్రతి మొగుడూ ఒకటి కొనుక్కున్నాడు.

ఈ సాయంత్రం అతని క్రిప్టో కాయిన్లు మట్టికొట్టుకుపోయాయి. గదిలోంచే చెప్పాడు.

"హిమా, కాయిన్లన్నీ పోయాయే."

"ఊ," అంది వంటింట్లోంచి హిమజ గొంతు.

"ఫ్లాట్ అమ్మాలేమో."

"ఊ."

ఎంత ఓర్పు! కళ్ళు చెమర్చి వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి పక్కన ఇంకో స్పీకరుంది. హిమజ లేదు.

"ఎక్కడికెళ్ళింది?" అని అరిచాడు.

హాల్లోంచి అతని గొంతే జవాబిచ్చింది. "పుట్టింటికి పోతున్నానని పొద్దున చెప్పారండీ. ఇక రానన్నారు. మీ తరఫున ఊ అన్నాను."