ఇంటికి మూడున్నర చుక్కలు

ఆరిన బట్టలు మడతపెడుతూనే చుక్కలమ్మ ఆరో ఫోను చేసింది.

"ఆ సినిమాలో ఇల్లు ఎక్కడుందో మీకేమైనా తెలుసా అండీ?"

అవతలి మనిషి నవ్వి పెట్టేశాడు.

చూసిన ప్రతి సినిమా గురించీ, సీరియల్ గురించీ ఫోనులో అందరూ చదివేలా నాలుగు ముక్కలు రాసి, ఐదుకి ఇన్ని చుక్కలని ఇవ్వడం ఆమె అలవాటు. అందుకే ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయింది.

మొన్నటి సినిమాని అందరూ ఉతికి ఆరేశారు. ఒకటిన్నర మించి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆమె ఒక్కతే రాసింది: 'కథకి అర. ఇంటికి మూడున్నర. మొత్తం నాలుగు.'

అది చూసి ఓ వారపత్రిక సంపాదకురాలు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఆ ఇల్లెక్కడుందో పట్టుకుని, దాని సంగతి రాసి పంపు. సాయంత్రం ఆరులోపు అందితే వారం వారం సినిమా పేజీ నీదే. లేదంటే ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది."

అప్పటినుంచి చుక్కలమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

వంటింట్లో ఒకటే సుత్తి మోత. మూడు రోజులుగా అలమరకి తలుపులు బిగిస్తున్న వడ్రంగి మేస్త్రిది.

"మేస్త్రిగారూ, కాసేపు ఆ సుత్తి ఆపుతారా? ఫోన్లో ఏమీ వినబడట్లేదు."

"అలాగే తల్లీ." ఆయన సుత్తి పక్కన పెట్టి చిత్రిక అందుకున్నాడు. "ఆ ఇల్లు మీకంత నచ్చిందా?"

"నచ్చడమా! స్విచ్చు చుట్టూ గోడ చూశారా? చేతులు తగిలి తగిలి నల్లబడింది. ఏళ్ళ తరబడి మనుషులు బతికిన ఇల్లది. ఆ ఇంటివాళ్ళు ఏ మూలనున్నా పట్టుకుంటాను."

"మెట్లు చూశారా మరి?"

"మెట్లకేం?"

"ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకేలా అరిగున్నాయి. జనం నడిచే మెట్టు నడిమధ్యన కదమ్మా అరగాలి? ఎబ్బెట్టుగా ఉంది. నేనైతే ఆ ఇంటికి ఒకటే ఇస్తాను."

చుక్కలమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "మీరు సినిమా చూడ్డానికెళ్ళారా, కొలతలు తీసుకోడానికెళ్ళారా?"

"నాలుగుసార్లు చూశానమ్మా."

"బాగాలేని సినిమా నాలుగుసార్లా!"

"బయట ఎండ మండిపోతోంది. లోపల చల్లగా ఉంటుందని వెళ్ళుంటారు లేవే," అంది అమ్మ, చొక్కా దులుపుతూ.

మేస్త్రి చెక్కపొట్టు ఉఫ్‌మని ఊదాడు.

ఏడో ఫోనుకి ఒక చిరునామా దొరికింది. ఎనిమిదో ఫోనులో అది కోళ్ళఫారం అని తేలింది.

తొమ్మిదోవాడు వంటింటిదాకా వినబడేలా నవ్వాడు. "ఆ సినిమాకి నాలుగిచ్చిన మహాతల్లివి నువ్వేనా?"

ఆమె ఫోను పెట్టేసి పదో నంబరు వెతకడం మొదలుపెట్టింది.

మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఓ రెండు చుక్కలు తగ్గించెయ్యండమ్మా. ఊరికే మాటలు పడటం ఎందుకు?"

"నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. అర చుక్క కూడా తగ్గించను."

"తప్పులున్నాయని చెప్తున్నాను కదా."

"ఉంటే ఉండనీండి! మీకు మెట్లు కనబడ్డాయి, నాకు ఇల్లు కనబడింది. చెక్కపని మీకు తెలుసు మేస్త్రిగారూ, ఒప్పుకుంటాను. సినిమా గురించి మీకేం తెలుసు? ఇక మీరు వెళ్ళండి. నా పని నన్ను చేసుకోనివ్వండి."

అమ్మ నాలుక కరుచుకుంది. "పెద్దాయన్ని పట్టుకుని అదేం మాటే!"

మేస్త్రికి కోపం రాలేదు. చివరి తలుపుని ఒకసారి తీసి వేసి చూశాడు. చప్పుడు లేకుండా మూసుకుంది. పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు.

గడప దగ్గర ఆగి, "అర కూడా తగ్గించరన్నమాట," అన్నాడు.

"తగ్గించను."

ఆయన తలూపి, చేతిగుడ్డతో ముఖం కాస్త ఎక్కువసేపే తుడుచుకుని వెళ్ళిపోయాడు.

పదమూడో ఫోనుకి ఆ సినిమా కళాదర్శకుడి సహాయకుడు దొరికాడు. అప్పటికి ఐదు దాటింది.

"ఇల్లా? అలాంటి ఇల్లెక్కడా లేదండీ. ఓ గోదాములో కట్టాం. గోడలు కూడా చెక్కే. షూటింగ్ అవగానే విప్పేశారు."

చుక్కలమ్మ కుర్చీలో కూలబడింది.

"మరి స్విచ్చు చుట్టూ ఆ మసి?"

"అదా! మా వడ్రంగి పెద్దాయన ఒకాయన బొగ్గుపొడి అరచేతికి రాసుకుని, పగలంతా కూర్చుని ఆ గోడని తాకుతూనే ఉన్నాడు. పిచ్చేమో అనుకున్నాం."

ఆమె లేచి నిలబడింది. "ఇల్లు లేకపోతే పోయింది. ఆయన గురించే రాస్తాను. ఎక్కడుంటారు?"

"ఏమోనండీ. సినిమా చివర పేరు కూడా వెయ్యలేదు పాపం. ఇన్నేళ్ళూ తన పని గురించి ఎవరైనా ఒక్క ముక్క రాస్తారేమోనని ఎదురుచూసీ చూసీ, ఇక సెట్లు కట్టనని వెళ్ళిపోయాడు. నంబరుంది, రాసుకోండి."

పెన్ను కనబడలేదు. ఆమె అమ్మ ఫోను లాక్కుని, అతను చెబుతున్న అంకెలు ఒక్కొక్కటే నొక్కింది.

చివరి అంకె పడగానే ఆ నంబరు మీద 'అలమర మేస్త్రి' అని అమ్మ రాసిపెట్టుకున్న పేరు వెలిగింది. చుక్కలమ్మ చెప్పులు తొడుక్కుని, ఆయన వెళ్ళిన వైపు నడిచింది.