పొయ్యి వెలుగుతోందా?

“అమ్మాయీ, పొయ్యి వెలుగుతోందా?”

గేటు చువ్వల్లోంచి పెద్దాయన మళ్లీ అడిగాడు.

రోజూ పొద్దున్నే ఇదో గోల అనుకుంది ఇంజినీరమ్మ.

లోపల ఫర్నేసులో పళ్లెమంత నల్లబిళ్ల తయారవుతోంది. గడ్డకట్టేంత చలికి మించి చల్లబరిస్తే, అయస్కాంతాన్ని అంటకుండా గాలిలో నిలబెట్టే సూపర్‌కండక్టరు. అలాంటి బిళ్ల మీద తేలుతూ తిరిగే బరువైన చక్రంలో కరెంటు దాస్తారట, ఆర్డరిచ్చినవాళ్లు. ఇంత పెద్దది ఆమె ఎప్పుడూ చేయలేదు. ఇది చెడితే షెడ్డుకు తాళమేనని భాగస్వాములు తేల్చి చెప్పేశారు.

పని మాత్రం పాలు తోడుపెట్టడం లాంటిదే. కరిగీ కరగని ముద్ద మీద ఆవగింజంత స్ఫటికం పెట్టి, రోజుల తరబడి మెల్లగా చల్లార్చాలి. గింజ కదిలిందా, గోవిందా.

మొదట్లో ఒకటి అలాగే పోయింది. వెనక గోడ అవతల రేకులు అచ్చుగుద్దే ప్రెస్సు ఉంది. దాని దడదడకు గింజ జారిపోతోందని, గోడ మీంచి అక్కడి పనివాళ్ల మీద గొంతు చించుకుంది. ఆ తర్వాత చప్పుడు తగ్గింది. బేరాల్లేవేమో, పీడ విరగడైందనుకుంది.

“ఎవరయ్యా ఆయన?” వాచ్‌మన్‌ని అడిగింది.

“ఏమో మేడమ్. అడుగుతాడు, తల ఊపుతాడు, పోతాడు. పోటీవాళ్ల మనిషేమో.”

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గేటు దగ్గరికి వెళ్లింది.

“ఆరిపోయింది తాతగారూ. పనైపోయింది. ఇక రాకండి.”

అబద్ధం తేలిగ్గానే వచ్చింది.

“అనుకున్నట్టే వచ్చిందా తల్లీ?”

“వచ్చింది.”

“పోనీలే, చల్లగా ఉండు.”

కర్ర తాటించుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

ఆమె లోపలికొచ్చి కూర్చుంది. కాసేపటికి బల్ల మీద కాఫీ కప్పు గలగలలాడింది.

దడ్. దడ్. దడ్.

ఫర్నేసు అద్దంలోంచి చూసింది. గింజ అంచుకు జారిపోయి ఉంది. ఏడుపొచ్చింది. అంతకంటే ముందు కోపమొచ్చింది.

వీధి చుట్టి ప్రెస్సులోకి పరుగెత్తింది.

“ఆపండయ్యా. ఇన్నాళ్లూ లేనిది ఇవాళే ఏం పుట్టింది మీకు?”

మిషను దగ్గరి మనిషి చేతులు తుడుచుకున్నాడు.

“ఆరిందని ఇందాకే చెప్పారుగా అమ్మా. మీరు అరిచి వెళ్లిన నాటి నుంచీ, బేరాలు పోతున్నా సరే, మీ పొయ్యి ఆరేదాకా మిషను ముట్టుకోనివ్వడు మా ఓనరు. రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని మీ గేటు దాకా వచ్చి కనుక్కుంటాడే, ఆయనే.”