కర్బూజకి తలంటు

కర్బూజ మీద కత్తి పెట్టిన అత్తయ్య చెయ్యి గబుక్కున పట్టేసుకున్నాను. కాయకి మట్టి అంటుకునే ఉంది.

"కడగలేదా అత్తయ్యా?"

"తొక్క తింటామా ఏంటే, దానికి తలంటు పొయ్యడానికి?"

"తొక్క మీది క్రిములు కత్తితోపాటు లోపలికి దిగుతాయి. కిడ్నీ మార్చిన మీ అబ్బాయికి అవి సోకితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పలేదూ?"

అత్తయ్య మొహం పాలిపోయింది. చేతులు, కత్తి సబ్బుతో కడిగింది. కాయని కుళాయి కింద పెట్టి బ్రష్షుతో గరగరా రుద్దింది. ఆ చప్పుడు వింటుంటే నా గుండె కాస్త కుదుటపడింది.

అప్పుడే గదిలోంచి మా ఆయన కేకేశారు.

"అమ్మా, ఇందాకటి కాయ పంచదారే అనుకో! రెండోది కొయ్యడానికి ఇంతసేపా?"

అత్తయ్య తలెత్తలేదు. కడిగిన కాయనే ఇంకా ఇంకా రుద్దుతోంది.